అమెరికాలో ఆరు నెలలు ఉండబోతున్నాం: ఇక్కడి సిమ్ కార్డును ఏం చేయాలి?

ప్రశ్న: విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి పురిటికి సాయంగా ఉండడానికి నేనూ నా భార్యా వచ్చే నెలలో చెన్నై నుంచి దోహా మీదుగా డల్లాస్ వెళ్తున్నాం. అక్కడ అయిదారు నెలలు ఉండాల్సి వస్తుంది. వీసా, బీమా, సామాను తూకం వగైరాలన్నీ ఒక కొలిక్కి వచ్చాయి గానీ ఫోన్ల సంగతి మాత్రం ఎంత ఆలోచించినా తెగడం లేదు. నా పింఛను ఖాతా, ఆధార్, గ్యాసు బుకింగు, ఇంటి కరెంటు బిల్లు అన్నీ ఒకే నంబరుకు ముడిపడి ఉన్నాయి. ఏ పని చేయబోయినా ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది కాబట్టి దాన్ని ఆరు నెలలు మూసిపెట్టి వెళ్లే వీలు లేదు.

సెల్ షాపులో విచారిస్తే ఇక్కడి సిమ్మే విదేశంలోనూ పనిచేసేలా అంతర్జాతీయ రోమింగ్ ప్యాక్ వేయించుకోమన్నారు. నెల రోజుల ప్యాక్ ధరే వేలల్లో ఉంది. ఇద్దరికీ ఆరు నెలలకు లెక్క కడితే గుండె ఝల్లుమంది. మా అల్లుడేమో "ఇండియా సిమ్ తీసి పర్సులో పెట్టేయండి మామయ్యగారూ, ఇక్కడి నంబరు నేను ఇప్పిస్తాను" అంటున్నారు. మా తమ్ముడు తన సిమ్ తాను చూసుకుంటూ నా సిమ్‌ను కూడా తన ఫోనులో వేసుకుని, ఓటీపీ వచ్చినప్పుడల్లా చదివి చెబుతానంటున్నాడు. ముగ్గురి మాటలూ మూడు దారులుగా ఉన్నాయి.

ఇంకొక భయం కూడా ఉంది. మా వీధిలో ఒకాయన సింగపూర్ వెళ్లి వచ్చాక పోస్ట్‌పెయిడ్ బిల్లు చూసి ఇంటిల్లిపాదీ కంగుతిన్నారు. ఆయన చేసిన కాల్స్ ఒకటి రెండే, అవి కూడా క్షేమంగా చేరామని చెప్పడానికేనట. మరి అంత బిల్లు ఎక్కడి నుంచి పుట్టింది? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: సెల్ షాపు, తిలక్ రోడ్డు, తిరుపతి

మాస్టారు గారికి నమస్కారం. మీ వీధి ఆయన అబద్ధం చెప్పి ఉండరు. ఆ బిల్లు కాల్స్ వల్ల కాక, జేబులో ఉన్న ఫోను తనంతట తాను వాడుకున్న డేటా వల్ల వచ్చి ఉంటుంది. ప్యాక్ లేకుండా విదేశంలో డేటా వాడితే లెక్క జీబీల్లో ఉండదు, కిలోబైట్లలో ఉంటుంది. ఉదాహరణకు 10 కేబీకి 5 రూపాయలు చొప్పున ధర ఉందనుకోండి. వినడానికి అయిదు రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ ఒక ఎంబీలో 1024 కేబీలు ఉంటాయి కాబట్టి ఎంబీకి 512 రూపాయలు అవుతుంది. బంధువుల గ్రూపులో ఎవరో పంపిన 3 ఎంబీల శుభోదయం ఫోటో మీ ఫోనులో దానంతట అదే దిగిందంటే 1,536 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 1,812 రూపాయలు దాటుతుంది. మీరు ఆ ఫోటో తెరిచి చూడనక్కర్లేదు కూడా.

అందువల్ల విమానం ఎక్కకముందే చేయవలసిన పని ఒకటుంది. ఫోను సెట్టింగుల్లో మొబైల్ నెట్‌వర్క్ అన్న చోట "డేటా రోమింగ్" అనే మీట ఉంటుంది, అది ఆపి ఉందో లేదో స్వయంగా చూసుకోవాలి. తర్వాత వాట్సాప్ సెట్టింగుల్లో స్టోరేజ్ అండ్ డేటా తెరిస్తే, మీడియా తనంతట తాను డౌన్‌లోడ్ కావడానికి మూడు వరుసలు కనిపిస్తాయి: మొబైల్ డేటా వాడేటప్పుడు, వైఫైలో ఉన్నప్పుడు, రోమింగ్‌లో ఉన్నప్పుడు. ఆ మూడో వరుసలో ఉన్న టిక్కులన్నీ తీసేయాలి. ఫోటోలు క్లౌడ్‌లోకి ఎక్కే బ్యాకప్‌ను, యాప్‌ల అప్‌డేట్లను వైఫైకి మాత్రమే పరిమితం చేయాలి. మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది ప్యాక్ ధర గురించే అడుగుతారు తప్ప ఈ సెట్టింగుల గురించి అడిగేవారు అరుదు.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తే, రోమింగ్ ప్యాక్ అనేది వారం పది రోజుల ప్రయాణానికి పుట్టిన వస్తువు. అయిదారు నెలలు ఒకే ఊళ్లో, అదీ ఇంట్లో వైఫై ఉన్న చోట ఉండబోయేవారికి అది పనికిరాదు. ప్యాక్‌లు అమ్ముకునే నేనే ఈ మాట అంటున్నాను. అలాగని సిమ్‌ను పర్సులో పెట్టేస్తే ఓటీపీలు రావు. మీరు చేయవలసింది రెంటికీ మధ్యే మార్గం. అల్లుడు గారు ఇప్పించే నంబరును ఫోనులో రెండో సిమ్‌గా పెట్టుకుని ఇంటర్నెట్‌కూ కాల్స్‌కూ అదే వాడండి, ఇక్కడి సిమ్‌ను ఎస్ఎంఎస్‌లు అందుకోవడానికి మాత్రమే ఉంచుకోండి. రోమింగ్‌లో వచ్చే ఎస్ఎంఎస్‌కు సాధారణంగా రుసుము ఉండదు.

దీనికి మీ నంబరు మీద అంతర్జాతీయ రోమింగ్ సేవ ఆన్ అయి ఉండాలి, రీచార్జి గడువు కూడా మిగిలి ఉండాలి. సేవ ఆన్ చేయడానికి కొన్ని కంపెనీలు చిన్న రీచార్జి అడుగుతాయి, మరికొన్ని యాప్‌లోనే చేసుకోనిస్తాయి. మీకు ఇక్కడి డేటాతో ఆరు నెలలు పని ఉండదు కాబట్టి డేటా కలిసిన ప్లాన్‌కు డబ్బు పోయవద్దు. కేవలం కాల్స్, ఎస్ఎంఎస్‌లు ఉండే ప్లాన్‌లను విడిగా అందించాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. అప్పటి నుంచి అలాంటి దీర్ఘకాలపు ప్లాన్‌లు దొరుకుతున్నాయి, ఏడాది గడువు ఉన్నవీ ఉన్నాయి. షాపులో మేము చెప్పకపోయినా మీరు అడిగి వేయించుకోండి.

సమాధానం: టెలికాం బిల్లింగ్ విభాగంలో పనిచేసినవాడు, చిత్తూరు

పై సమాధానంతో ఏకీభవిస్తూ కొన్ని లోపలి సంగతులు చెబుతాను. విదేశంలో మన ఫోను పట్టుకునేది అక్కడి కంపెనీ టవరును. ఆ కంపెనీకి మీరు ఖాతాదారు కారు, కాబట్టి మీరు వాడినదంతా రాసిపెట్టుకుని మన కంపెనీకి పంపి టోకు ధరకు డబ్బు రాబట్టుకుంటుంది. మన కంపెనీ దానికి తన లాభం కలిపి మీ పేర వేస్తుంది. ఆ లెక్కల ఫైళ్లు చేరడానికి గంటలు పట్టవచ్చు, ఒక్కోసారి రోజులు పట్టవచ్చు. యాప్‌లో బిల్లు తక్కువగానే కనిపిస్తోంది కదా అని ధీమాగా వాడినవారికి నెలాఖరున అసలు సంఖ్య కనిపించడానికి కారణం ఇదే. మాస్టారు గారిది ప్రీపెయిడ్ అయితే ఈ ప్రమాదం తక్కువ, ఎందుకంటే అందులో ఉన్న డబ్బు అయిపోతే సేవ ఆగిపోతుంది.

రోమింగ్‌లో వచ్చే కాల్‌కు మనమెందుకు చెల్లించాలని చాలామంది వాదిస్తారు. తిరుపతి నుంచి మీ తమ్ముడు మీ నంబరుకు చేసినప్పుడు మీరు డల్లాస్‌లో ఉన్నారని ఆయన ఫోనుకు తెలియదు, ఆయనకు మామూలు కాల్ లెక్కే పడుతుంది. ఆ కాల్ ముందు మన కంపెనీ దగ్గరికి చేరి, అక్కడి నుంచి సముద్రాలు దాటి మీ దగ్గరికి వస్తుంది. ఆ రెండో భాగం ఖర్చు మీది. వ్యక్తిగత రుణం కావాలా అని అడిగే కాల్ ఎత్తి "వద్దమ్మా" అని పెట్టేసినా నిమిషం లెక్క పడుతుంది. ఎత్తకుండా వదిలేస్తే ఏమీ పడదు, అయితే ఒక మెలిక ఉంది. ఎత్తని కాల్స్ మరో నంబరుకు మళ్లేలా ఫార్వర్డింగ్ పెట్టి ఉంటే, కాల్ అమెరికా దాకా వచ్చి మళ్లీ ఇండియాకు తిరిగి వెళ్తుంది, రెండు వైపులా రుసుము మీ మీదే పడవచ్చు. బయలుదేరే ముందు ##002# నొక్కి కాల్ చేస్తే ఫార్వర్డింగులన్నీ రద్దవుతాయి.

రెండు సిమ్‌లు పెట్టుకునేవారికి మరో హెచ్చరిక. ఒక సిమ్‌లో సిగ్నల్ బలహీనమైతే డేటా కోసం రెండో సిమ్‌కు తనంతట తాను మారే సదుపాయం ఇప్పటి ఫోన్లలో ఉంది. ఊళ్లో ఉన్నప్పుడు అది మంచిదే. విదేశంలో మాత్రం అమెరికా సిమ్‌కు సిగ్నల్ తగ్గగానే ఫోను మన సిమ్ మీదికి దూకే అవకాశం ఉంటుంది. డేటా రోమింగ్ ఆపి ఉంచారో లేదో చూసుకోవడంతో పాటు ఆ స్వయంచాలక మార్పిడిని కూడా ఆపేయండి. ఐఫోన్ వాడేవారు ఇంకొకటి గమనించాలి. కొత్త సిమ్ వేసినప్పుడో, సిమ్‌లు అటూ ఇటూ మార్చినప్పుడో ఐమెసేజ్, ఫేస్‌టైమ్ సేవలు నంబరును నిర్ధారించుకోవడానికి మనకు కనిపించకుండా ఒక అంతర్జాతీయ ఎస్ఎంఎస్ పంపుతాయి. అది చిన్న మొత్తమే, కానీ ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాక తల గోక్కునే బాపతు.

సమాధానం: మామిడి గుజ్జు ఎగుమతి సంస్థ ఉద్యోగి, చిత్తూరు

మాస్టారు గారి విషయంలో మీరిద్దరూ చెప్పింది సరైనదే గానీ, రోమింగ్ ప్యాక్‌ను మరీ దండగ ఖర్చుగా కొట్టిపారేయడం నాకు నచ్చలేదు. తోతాపురి గుజ్జు కొనేవారిని కలవడానికి మేము దుబాయ్‌లో జరిగే గల్ఫుడ్ అనే ఆహార పదార్థాల ప్రదర్శనకు వెళ్తుంటాం. ఆ కొద్ది రోజులూ కొనుగోలుదారులు మన పాత నంబరుకే ఫోను చేస్తారు. విమానాశ్రయంలో సిమ్ కౌంటరు దగ్గర వరుసలో నిలబడి, పాస్‌పోర్టు చూపించి, కొత్త నంబరు తీసుకుని అందరికీ తెలియజేసే లోపు సగం రోజు గడిచిపోతుంది. పైగా ఎమిరేట్స్‌లో స్థానిక సిమ్ మీద వాట్సాప్‌లో సందేశాలు పోతాయి కానీ వాట్సాప్ కాల్స్‌కు అనుమతి లేదు. ఈ సంగతి తెలియక డేటా సిమ్ ఒక్కటే కొనుక్కుని, ఇంటికి ఫోను చేయలేక తంటాలు పడేవారిని ప్రతిసారీ చూస్తాను. తక్కువ రోజుల పనికి ప్యాక్ ధర ఎక్కువైనా నా దృష్టిలో అది గిట్టుబాటే.

ప్యాక్ వేయించుకునేవారు చూడవలసింది దాని ధర ఒక్కటే కాదు. గడువు రీచార్జి చేసిన క్షణం నుంచి మొదలవుతుందా, లేక విదేశీ నెట్‌వర్క్ పట్టుకున్న క్షణం నుంచా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. దేశాల జాబితాను కూడా అక్షరం అక్షరం చదవాలి. సింగపూర్‌కు మాత్రమే ప్యాక్ తీసుకుని ఉత్తరపు కొసన వంతెన దగ్గర నిలబడితే అవతలి ఒడ్డున ఉన్న మలేషియా టవరు ఫోనును లాక్కునే అవకాశం ఉంది. అలాంటి చోట నెట్‌వర్క్‌ను మనమే చేత్తో ఎంచుకోవడం క్షేమం. ఓడ ప్రయాణాల్లో ఇంకా ప్రమాదం, ఎందుకంటే తీరం దాటాక ఫోను పట్టుకునేది ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌ను. అది మామూలు దేశాల ప్యాక్‌లోకి సాధారణంగా రాదు, ధర మాత్రం అన్నిటికంటే ఎక్కువ. మాస్టారు గారి వీధి ఆయన సింగపూర్‌లో ఓడ గానీ ఎక్కారేమో కనుక్కోండి.

ఐరోపా యాత్రలకు వెళ్లేవారి కోసం ఒక మాట. 2017 జూన్ 15 నుంచి ఐరోపా సమాఖ్యలో ఒక దేశపు సిమ్‌ను మరో సభ్య దేశంలో స్వదేశీ ధరకే వాడుకోవచ్చు, ఈ నిబంధనను 2032 వరకు పొడిగించారు కూడా. అంటే ఫ్రాన్స్‌లో కొన్న సిమ్ ఇటలీలోనూ పనిచేస్తుంది, డేటాకు కొంత పరిమితి ఉండవచ్చు. ఇది మన ఇండియా సిమ్‌కు వర్తించదు. స్విట్జర్లాండ్ ఆ సమాఖ్యలో లేదు కాబట్టి అక్కడికీ వర్తించదు. మన వాళ్ల యాత్రా ప్యాకేజీల్లో ప్యారిస్ తర్వాత వచ్చేది స్విట్జర్లాండే కావడం వల్ల ఈ తేడా చాలామందిని దెబ్బతీస్తుంది.

మళ్లీ అడిగినవారు: విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి

అందరికీ కృతజ్ఞతలు. పొరుగాయనను అడిగాను. ఓడ ఎక్కారట, రెండు రాత్రులు. బిల్లులో సింహభాగం ఆ రాత్రులదే అయి ఉండాలి.

నాకు ఇంకా మూడు సందేహాలు మిగిలాయి. నా భార్యకు స్మార్ట్ ఫోను అలవాటు లేదు. ఏళ్ల తరబడి వాడుతున్న బటన్ల ఫోనే ఆమెకు సుఖం. దానిలో అమెరికా సిమ్ వేస్తే సరిపోతుందా? రెండవది, దోహాలో విమానం మారడానికి కొన్ని గంటలు ఆగాలి, అక్కడ ఫోను ఆన్ చేస్తే రుసుము పడుతుందా? మూడవది, నా సిమ్‌ను మా తమ్ముడి దగ్గర వదిలి వెళ్లే ఆలోచన గురించి ఎవరూ మాట్లాడలేదు.

సమాధానం: పీలేరు వాసి, ప్రస్తుతం డల్లాస్ దగ్గర

మాస్టారు గారూ, నమస్కారం. అమ్మగారి బటన్ల ఫోను పాత 2జీ రకం అయితే ఇక్కడ అది గడియారంగా తప్ప పనికిరాదు. మన దేశంలో 2జీ నడిచేది 900, 1800 మెగాహెర్ట్జ్ తరంగాల మీద, అమెరికాలో వాడింది 850, 1900. మన దేశపు ఆ రెండు తరంగాలకే పనిచేసే ఫోనుకు అసలు ఇక్కడి సిగ్నలే అందదు. పైగా ఇక్కడి పెద్ద కంపెనీలు 2022లో 3జీని కూడా మూసేశాయి, ఇప్పుడు కాల్ వెళ్లాలంటే వోల్టీ, అంటే 4జీ మీదే మాట్లాడే సదుపాయం, ఉన్న ఫోను కావాలి. ఇండియాలో కొన్న స్మార్ట్ ఫోన్లలో కూడా కొన్నింటిని ఇక్కడి ఒకటి రెండు కంపెనీలు తమ జాబితాలో లేవని కాల్స్‌కు ఒప్పుకోవు. అల్లుడు గారికి మీ ఫోను మోడల్ నంబరు ముందే పంపి, వారి కంపెనీలో చెల్లుతుందో లేదో చూడమనండి. అమ్మగారి కోసం ఇక్కడే పెద్ద అక్షరాల మామూలు 4జీ ఫోను కొనడం మేలు. అల్లుడు గారి ఫ్యామిలీ ప్లాన్‌లో అదనపు లైను కలిపితే విడిగా రెండు ప్లాన్‌లు కొనడం కంటే సాధారణంగా చవక.

దోహాలో ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లోనే ఉంచి, విమానాశ్రయం వైఫై ఒక్కటే ఆన్ చేసుకోండి. వాట్సాప్‌లో "దోహా చేరాం" అని ఒక మాట పెట్టడానికి అది చాలు. కొన్ని గంటల మజిలీ కోసం ఏ ప్యాక్‌నూ ఖర్చు చేయవద్దు. ఏరోప్లేన్ మోడ్ తీసిన మరుక్షణం ఫోను ఖతార్ నెట్‌వర్క్‌ను పట్టుకుంటుంది, మీ ప్యాక్ ఏదైనా ఉంటే దాని గడువు అక్కడే మొదలైపోవచ్చు.

సిమ్‌ను తమ్ముడు గారి దగ్గర వదలడం ఊళ్లో చాలా ఇళ్లలో జరుగుతున్నదే అయినా నేను వద్దనే చెబుతాను. తమ్ముడి మీద అపనమ్మకంతో కాదు. అక్కడ ఆయన నిద్రపోయే వేళ మీకు ఇక్కడ పట్టపగలు, ఓటీపీకి ఉండే ఆయుష్షు కొన్ని నిమిషాలే. అంతకంటే ముఖ్యం, యూపీఐ యాప్ గానీ బ్యాంకు యాప్ గానీ ఆ సిమ్ అదే ఫోనులో ఉందో లేదో సరిచూసుకుంటుంది. సిమ్ మీ ఫోనులోనే ఉంటే ఇక్కడి వైఫై మీద కూర్చుని తిరుపతిలోని ఇంటి కరెంటు బిల్లు కట్టేయవచ్చు. యూపీఐని మాత్రం అక్కడే నమోదు చేసుకుని, ఒక రూపాయి పంపి చూసుకుని రండి. ఇక్కడికి వచ్చాక యాప్ తీసేసి మళ్లీ వేస్తే అది మీ సిమ్ నుంచి ఎస్ఎంఎస్ పంపడానికి ప్రయత్నిస్తుంది. రోమింగ్‌లో బయటికి పోయే ఎస్ఎంఎస్‌కు రుసుము ఉంటుంది, ఒక్కోసారి అది చేరక నమోదు విఫలమవుతుంది కూడా. బ్యాంకు వారి 1800 నంబరు విదేశం నుంచి సాధారణంగా కలవదు. +91తో మొదలయ్యే వారి మరో నంబరును కాగితం మీద రాసి పెట్టుకోండి.

యాత్రికుల కోసం అమ్మే, కార్డు లేకుండా ఫోనులోనే నమోదయ్యే ఈ-సిమ్‌ల గురించి ఎవరైనా చెబితే మీరు తొందరపడవద్దు. అలాంటి రెండు ప్రసిద్ధ యాప్‌లను, ఎయిరాలో, హోలాఫ్లైలను, అనుమతి పత్రం లేకుండా అమ్ముతున్నారన్న కారణంతో 2024 జనవరిలో మన దేశపు యాప్ స్టోర్ల నుంచి తొలగించారు. అయినా అవి కొద్ది రోజుల సందర్శకులకు పనికొస్తాయి గానీ, వాటిలో చాలావరకు డేటా మాత్రమే ఉంటుంది, మాట్లాడే నంబరు ఉండదు. ఆసుపత్రి నుంచి కాల్ రావలసిన ఇంట్లో మీకు కావలసింది నంబరు.

సమాధానం: సెల్ షాపు, తిలక్ రోడ్డు, తిరుపతి

డల్లాస్ సోదరులు చెప్పిన దానికి ఒక చిన్న సవరణ కలపాలి. 2022లో వచ్చిన ఐఫోన్ 14 మొదలుకొని అమెరికాలో అమ్మే కొత్త మోడల్ ఐఫోన్లలో కార్డు పెట్టే అర ఉండదు, ఈ-సిమ్ మాత్రమే ఉంటుంది. అమ్మాయి గారు తమ పాత ఫోనును మాస్టారు గారికి ఇవ్వబోతుంటే అది ఏ మోడలో, ఎక్కడ కొన్నదో ముందే కనుక్కోండి. అలాంటి ఫోను అయితే మీ ఇండియా నంబరును కూడా ఈ-సిమ్‌గా మార్చుకుంటే తప్ప అందులో పెట్టలేరు. మీ సొంత ఫోనులోనే రెండు నంబర్లు పెట్టుకోవాలనుకుంటే *#06# నొక్కి చూడండి. ఫోను గుర్తింపుకు ఉండే ఐఎంఈఐ సంఖ్యలతో పాటు ఈఐడీ అనే పొడవైన సంఖ్య కనిపిస్తే ఆ ఫోను ఈ-సిమ్‌కు పనికొస్తుందని అర్థం.

ఈ మార్పిడి ఏదైనా అవసరమైతే ప్రయాణానికి కనీసం ఒక వారం ముందు చేయించుకోవాలి. సిమ్ మార్చిన తర్వాత 24 గంటల పాటు ఆ నంబరుకు ఎస్ఎంఎస్‌లు ఆగిపోతాయి, మోసగాళ్లు సిమ్ మార్పిడి చేసి ఖాతాలు ఖాళీ చేయకుండా పెట్టిన జాగ్రత్త అది. కొన్ని బ్యాంకు యాప్‌లు ఆ తర్వాత మళ్లీ నమోదు అడుగుతాయి. రేపు ఉదయం చెన్నై బండి ఎక్కాలనగా ఈ రోజు సాయంత్రం వచ్చి ఈ-సిమ్ చేయమనేవారికి మేము చేయగలిగింది ఏమీ ఉండదు. మాస్టారు గారు ఆధార్ కార్డుతో ఈ వారంలో ఏ పూటైనా రండి. కాల్స్, ఎస్ఎంఎస్‌ల ప్లాన్, రోమింగ్ సేవ, ఈ-సిమ్ మూడూ ఒకేసారి పూర్తి చేసి, బ్యాంకు నుంచి ఒక పరీక్ష ఓటీపీ వచ్చేదాకా చూసి పంపిస్తాను.